ఏకు కుదిరిన ఆదివారం

నెలగంట పెట్టేశారు. తెల్లారగట్ల లేచి తలుపు తీస్తే శ్రీకాకుళం అంతా మంచులో ఉంది, ఎదురింటి మేడ కనబడలేదు. మంచు పట్టిన పొద్దులంటే నాకు ఆశ. దూది వడకడానికి ఇంతకన్నా మంచి వేళ లేదు. గాలిలో తేమ ఉంటే పోగు చెప్పినట్టు సాగుతుంది. ఎండెక్కి గాలి పొడిబారాక అదే దూది, అదే చెయ్యి, అయినా పోగు టప్పున తెగుతుంది. ఫ్యాన్ కింద అయితే ఇంక చెప్పనక్కర్లేదు, వేళ్ళ మధ్య నుంచే పింజలు ఎగిరిపోతాయి. అందుకని సెలవురోజు ఇంకా ముందే లేస్తాను. ఇంట్లో వాళ్ళు లేచి కాఫీ అడిగేలోపు ఒక గంటన్నర నాది.

నాది పెట్టె రాట్నం. మూత తెరిస్తే లోపల రెండు చక్రాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని పిడి పట్టుకుని మెల్లగా తిప్పితే చాలు, చిన్నది వేగం అందుకుంటుంది, దాని వల్ల కదురు, అంటే పోగు చుట్టుకునే ఇనప పుల్ల, ఇంకా జోరుగా తిరుగుతుంది. గాంధీగారు ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు రూపుకట్టిన రాట్నం కాబట్టి దీన్ని ఎరవాడ చరఖా అని కూడా అంటారు. మూత వేసి సంచిలో పెట్టుకుంటే బస్సులో కూడా పట్టుకెళ్ళచ్చు. మా పొందూరు పిన్ని దీన్ని రాట్నం కింద లెక్కపెట్టదు. ఆవిడది 24 ఆకుల (చువ్వల) పెద్ద చక్రం, ఒంటి కదురు. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని తిప్పుతుంది.

ఈ మధ్య వడుకుతున్నది పిన్ని ఇచ్చిన ఏకులతోనే. ఏకంటే వడకడానికి చుట్టి పెట్టుకున్న దూది చుట్ట. మొన్న పొందూరు వెళ్ళినప్పుడు ఎండిన అరటి డొప్పలో పెట్టి ఇచ్చింది. అక్కడ ఏకులు అందులోనే దాస్తారు. లోపల నున్నగా ఉంటుంది కనక పీచు అంటుకోదు, దుమ్ము పడదు, మెత్తటి ఏకు నలగదు. ప్లాస్టిక్ డబ్బాలో పెడతానంటే పిన్ని ఒప్పుకోలేదు. నేనూ డొప్పనే ఉంచేశాను, పొద్దున్న దాన్ని విప్పుతుంటే చేతికి భలే హాయిగా ఉంది.

మొదట్లో నూలు బాగా రావడం అంటే రాట్నం తిప్పడంలో ఉందనుకునేదాన్ని. పిన్ని దగ్గర కూర్చున్నాకే అసలు పని అంతా రాట్నం దాకా రాకముందే అయిపోతుందని తెలిసింది. పొందూరులో పత్తిని మిల్లుకి పంపరు. గింజ మీద దూది ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దవడంటే పెద్దదేం కాదు, అరచేతిలో ఇమిడిపోతుంది. దాని మీద సన్నటి పళ్ళు వరసకట్టి ఉంటాయి, వేలితో రాస్తే గరగరమంటాయి. గింజని ఎడమచేత్తో పట్టుకుని, చుట్టూ ఉన్న దూదిని ఆ పళ్ళతో నెమ్మదిగా లాగుతుంటే చెత్తా చెదారం రాలిపోతుంది, పీచంతా ఒకే వైపు పడుకుంటుంది. ఒక్కొక్క గింజకీ ఇదే పని. ఇనుముతో దువ్వెన చేయించుకోవచ్చు కదా అనిపిస్తుంది, కానీ ఆ దవడ పళ్ళు పీచుని తెంపవు. అంత సన్నగా, అంత దగ్గరగా, అంత నున్నగా ఉండే పళ్ళు ఇంకెక్కడ దొరుకుతాయి?

దువ్వాక గింజ తీయడం. చెక్క పీట మీద దూది పెట్టి సన్నటి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ ముందుకి జారిపోతుంది, దూది ఇవతల ఉండిపోతుంది. ఆ తరవాత చిన్న విల్లుతో ఏకడం. నారి మీటుతుంటే దూది పొంగి గాలిలో తేలేటంత తేలికవుతుంది. దాన్ని పుల్ల మీద చుట్టి, పుల్ల లాగేస్తే అదీ ఏకు. పిన్ని చుట్టిన ఏకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే మందం. ఎక్కడా గడ్డ లేదు.

మొన్న అక్కడ ఉన్నప్పుడు నా దారంలో గంట్లు, అంటే గడ్డలు, ఎందుకొస్తున్నాయని అడిగితే పిన్ని నా చేతివైపు కూడా చూడలేదు. నేను కొనుక్కున్న మిల్లు ఏకుని తీసుకుని విడదీసి చూపించింది.

"ఏకులో ఉన్న గంటు దారంలోకి రాక ఎటెల్తాదే? రాట్నాన్ని ఏటనుకుంటావ్?"

ఆవిడ ఏకులతో కూర్చుంటే ఆ మాట ఎంత నిజమో వేళ్ళకే తెలిసింది. కదురు మొనకి పోగు ఏటవాలుగా ఉంటే, తిరిగిన ప్రతిసారీ మొన మీంచి జారి పురి ఎక్కుతుంది. ఎడమచెయ్యి ఆ పురిని ఏకులోకి పాకనిస్తూనే వెనక్కి జరగాలి. పురి ముందు, చెయ్యి వెనక. చెయ్యి తొందరపడితే పురి అందక పోగు విడిపోతుంది, చెయ్యి ఆగిపోతే పురి ఎక్కువై మెలికలు పడుతుంది. చెయ్యి చాచినంత మేరా పోగు వచ్చాక, కదురుకి అడ్డంగా పట్టుకుని చుట్టేసుకోవాలి. మళ్ళీ మొదలు. మిల్లు ఏకుతో అయితే ఎక్కడ గడ్డ తగులుతుందో అని మనసంతా బొటనవేలి మీదే ఉంటుంది. ఈ రోజు ఆ టెన్షన్ లేదు. హరిదాసు వీధిలోంచి వెళ్ళడం కూడా విన్నాను, బియ్యం వెయ్యడానికి లేచి వచ్చి మళ్ళీ కూర్చుంటే చెయ్యి ఎక్కడ వదిలిందో అక్కడే అందుకుంది.

నేను తీసే నూలు లావు. దాదాపు పది కౌంటు ఉంటుంది. పొందూరు సన్న ఖద్దరుకి వంద కౌంటు, ఇంకా పైన కూడా తీస్తారు. కౌంటంటే ఒక పౌను దూదిలోంచి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయన్న లెక్క. నా నూలు గ్రాముకి ఓ 17 మీటర్లు వస్తే, వంద కౌంటు నూలు గ్రాముకి సుమారు 169 మీటర్లు. ఒక గ్రాము దూదంటే చేతిలో పెడితే బరువే తెలియదు. దాన్ని యంత్రం ఏదీ లేకుండా అంత పొడుగు లాగే ఆడవాళ్ళు మనకి గంట ప్రయాణంలోనే ఉన్నారు. గాంధీగారు ఇక్కడి నూలు ఎలా తీస్తారో చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పొందూరు పంపించారని మా ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1949లో అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పెట్టారు. ఏకులు ఏకేవాళ్ళూ నూలు తీసేవాళ్ళూ ఎక్కువగా ఆడవాళ్ళే, నేసేవాళ్ళు వేరు. చీర చూసినప్పుడు మగ్గం గురించి మాట్లాడతాం, అంచు గురించి మాట్లాడతాం. దవడ పట్టుకుని గింజ గింజకీ దూది దువ్విన మనిషి ఊసే రాదు. వాళ్ళకి గిట్టేది కూడా అందరికన్నా తక్కువే. నాకు దీని మీద కోపం ఉంది. అది డైరీలో అయినా రాసుకోవాలి.

కాఫీలయ్యాక రంగు పని. నిన్న రాత్రే రెండు చిలపలు సిద్ధం చేసి పెట్టుకున్నాను. పచ్చి నూలుకి మైనంలాంటి జిడ్డు ఉంటుంది, అది పోకపోతే నీళ్ళే పట్టవు, ఇంక రంగేం పడుతుంది. బట్టల సోడా వేసి గంటసేపు మరిగిస్తే నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి. తెల్లటి దూదిలో ఇంత ఉందా అనిపిస్తుంది. ఆ నీళ్ళు పారబోసి, కడిగి, జీడిపొట్టు కషాయంలో నానబెట్టాను.

జీడిపొట్టంటే జీడిపప్పు మీద ఉండే పల్చటి ఎర్ర తొక్క. పలాసలో పప్పు ఒలిచే చోట ఇది కుప్పలు కుప్పలుగా మిగులుతుంది. కరక్కాయలో ఉన్నట్టే దీనిలోనూ వగరు బాగా ఉంటుంది, తోళ్ళు పదును చెయ్యడానికి కూడా పనికొస్తుంది. నూలుకి రంగు పట్టాలంటే ముందు ఈ వగరు పట్టాలి, ఆ తరవాత పటిక. ఊలుకైతే పటిక ఒక్కటీ సరిపోతుంది గానీ నూలు పటికని నేరుగా పట్టుకోదు. కలంకారీ వాళ్ళు కరక్కాయలో ముంచేది అందుకే. కరక్కాయ మంచిదే, కానీ జీడి మన జిల్లాలో పండేది. మా మరిది పలాస నుంచి వస్తూ ఒక బస్తాడు తెచ్చిచ్చాడు, దానికి డబ్బులు కూడా తీసుకోలేదట పప్పు షాపువాళ్ళు.

పొద్దున్న చిలపలు తీసి పిండితే లేత గోధుమరంగు వచ్చింది. ఒకదాన్ని పటిక నీళ్ళలో వేశాను. నూలు బరువులో ఆరోవంతు పటిక వేస్తాను, అంతకన్నా ఎక్కువేస్తే చేతికి గరుకవుతుంది. గంటయ్యాక చూస్తే గోధుమరంగులో ఎర్రజీర తేలింది, నీడలో ఒకలా, వెలుతురులో ఒకలా. రెండోదాన్ని ఇనుము నీళ్ళలో ముంచాను. ఒక పాత సీసాలో బెల్లం నీళ్ళు పోసి తుప్పు మేకులు వేసి ఉంచాను, మూత తీస్తే పుల్లటి వాసన. బకెట్టు నీళ్ళలో ఆ రసం ఒక గరిటెడు కలిపి, చిలపని అందులో దించాను. దించడమే ఆలస్యం, గోధుమరంగు నా కళ్ళ ముందే పోయి బూడిదరంగు పాకింది, ముందు అంచుల్లో, తరవాత లోపలికి. చేత్తో విప్పి విప్పి తిప్పకపోతే కట్టిన చోట మచ్చలు పడతాయి. అయిదు నిమిషాల్లో తీసేశాను. ఇంకా ఉంచితే నలుపు వస్తుంది, కానీ ఇనుము ఎక్కువైతే నూలు కొన్నాళ్ళకి పెళుసెక్కుతుంది. ఇంత కష్టపడి తీసిన నూలుని నలుపు కోసం పాడుచేసుకోను.

సీతంపేట సంతలో జాపరా గింజలు చూసినప్పుడల్లా ఆ నారింజరంగుకి చెయ్యి లాగుతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకి వాడే రంగుల్లో అదొకటి. బొమ్మ మీద లక్కలో కలిసి ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. నూలు మీద మాత్రం ఎండ తగిలితే వెలిసిపోతుంది. పసుపుదీ అదే తీరు. నాన్న వేసుకుని రోజూ పొద్దున్నే ఎండలో తిరిగే దానికి అవి వద్దనుకున్నాను. జీడి, పటిక, ఇనుము చాలు.

అవును, ఇదంతా నాన్న మఫ్లర్ కోసం. చలి మొదలవగానే రోడ్డు పక్కన స్వెట్టర్లూ మంకీ టోపీలూ వేలాడదీస్తారు. అవి పెట్టుకుంటే నాన్నకి మెడంతా దురద. మన చలి ఎంతని? పొద్దున్న నాగావళి గట్టు మీద నడిచేటప్పుడు చెవులకి గాలి తగలకపోతే చాలు, ఎనిమిదయ్యేసరికి తీసి భుజాన వేసుకోవలసిందే. దానికి నూలే సరి.

వడికిన పోగు ఒంటిపేటగా అల్లితే మఫ్లర్ ఒక పక్కకి మెలికపడుతుంది. అందుకని రెండు పోగులు కలిపి, వడికిన దిక్కుకి ఎదురు దిక్కులో పురి పెడతాను. ఒక పురి ఇంకో పురిని సర్దుతుంది, దారం గుండ్రంగా, బుద్ధిగా వేలాడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ముందే ఆరిన చిలపల్లోంచి అల్లాను. మూడు మిల్లీమీటర్ల సూదులు, రెండు కుట్లు సూటిగా, రెండు తిరగేసి. ఊలుకైతే ఈ అల్లికలో లాగితే సాగి వదిలితే దగ్గరికొచ్చే గుణం ఉంటుంది. నూలుకి అది తక్కువ, సాగిందంటే సాగినట్టే. కాబట్టి బిగువుగా అల్లాలి, వేళ్ళు నొప్పెడతాయి. కానీ నూలు అల్లికలో ప్రతి కుట్టూ చెక్కినట్టు కనబడుతుంది. మిల్లు ఏకు దారంతో అల్లిన మొదటి జానెడూ, పిన్ని ఏకు దారంతో అల్లిన రెండో జానెడూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. సూదులవే, చెయ్యదే. రెండో జానెడులో వరసలు గీత గీసినట్టున్నాయి.

పక్కింటి అక్క వచ్చి మఫ్లర్ పట్టుకుని చూసి, "ఇది రెండొందలకి దొరుకుతుంది కదమ్మా, ఎందుకింత కష్టం?" అంది. ఆవిడ ప్రేమతోనే అంది. నేను ఏకు ఒకటి చేతికిచ్చి వడకమన్నాను. రెండుసార్లు తెగింది, మూడోసారి బారెడు పోగు వచ్చింది. ఆ పోగుని వేలికి చుట్టుకుని, వదలకుండా ఇంటికి పట్టుకుపోయింది.

పొద్దున్న రంగు వేసిన చిలపల్ని కుంకుడు రసంలో జాడించి నీడలోనే ఆరేశాను, సాయంత్రానికి ఆరాయి. నాన్న వచ్చి బూడిదరంగు చిలప చేతిలోకి తీసుకుని, "ఇది నా ధోవతి అంచుకి సరిపోయేలా ఉందే. పండక్కి అయిపోతుందా?" అన్నారు. ఉన్న దారం తూచి చూస్తే ఇంకో రెండు చిలపలు తక్కువ.

పిన్నికి ఫోన్ చేసి ఏకులు కావాలన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఏకులివ్వనే. దూదిస్తాను, నా పాత దవడొకటి ఉంది, అదీ ఇస్తాను. ఇక్కడ నా దగ్గర కూకుని నువ్వే ఏకు."

శనివారం సెలవు పెట్టాలి. మొదటి బస్సుకి వెళ్తే మంచుండగానే అక్కడ ఉంటాను.