ములుగు బస్సు ఆగిన చోట

హన్మకొండలో ఎక్కిన ములుగు బస్సు గూడెప్పాడ్ దాటి ఎంతో దూరం పోకముందే మొరాయించింది. వెనకాల ఇంకో బస్సు వస్తుందని చెప్పి కండక్టర్ వేపచెట్టు నీడకు చేరాడు. గంటన్నర దాకా ఏ బస్సూ రాలేదు. రామప్ప గుడి చూసుకుని రాత్రికల్లా కాజీపేటలో రైలెక్కాలన్న నా లెక్క అక్కడే తప్పింది.

రోడ్డు పక్కన పరదాల మీద పత్తి ఆరబోసి ఉంది. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు నానిపోయి, పసుపు మచ్చలు పడి, బూడిద రంగుకు తిరిగిన పత్తి. ఒక పెద్దావిడ దాన్ని గుప్పెళ్లతో తిరగేస్తూ, మధ్యమధ్య ఒక గింజ తీసి కొరికి ఉమ్మేస్తోంది.

"ఎందుకమ్మా కొరుకుతున్నారు?"

"ఎండితే పటుక్కుమంటుంది బిడ్డా. ఇది ఇంకా మెత్తగానే ఉంది."

ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో మాత్రం తేమ కొలిచే మిషను మాటే చెల్లుతుంది. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, అదీ తేమ 8 శాతం ఉంటేనే. ఆపైన శాతానికింత చొప్పున కోస్తారు, 12 దాటితే కొనరు. తుపాను తడి ఆరకముందే మంచు మొదలయ్యే నవంబరులో ఆ అంకె ఎలా పట్టుకోవాలో నిబంధన రాసినవాళ్లే చెప్పాలి.

"ఎండినా అక్కడ అమ్మలేం. ఫోనులో స్లాటు తీసుకోవాలంటే పాసుపుస్తకం కావాలంటున్నారు. అది పొలం ఆసామి దగ్గర ఉంది, ఆసామి హైదరాబాదులో ఉన్నాడు" అంది.

ఎకరాకు 15 వేల కౌలు ఉగాదికే కట్టేశారట. మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాయని గింజలు పెడితే, ఆ తరువాత వాన ముఖం చాటేసి మొలకలు మాడిపోయాయి. ప్యాకెట్టు 901 రూపాయలు, మళ్లీ కొన్నారు. రెండుసార్లూ ఎరువుల దుకాణంలో అరువే. తూకం వేసుకోవడానికి ఇప్పుడు ఆ దుకాణదారే బండి పంపుతాడు. బాకీ ఉన్న ఇంటికి వచ్చినవాడితో బేరం ఏం ఆడతారు? ఏరిన కూలీలకు కిలోకు 15 రూపాయలు చేతిలో పెట్టాల్సిందే, వాళ్లు తేమ చూడరు.

ఎకరాకు ఏటా 12 వేల రైతు భరోసా పట్టాదారు ఖాతాలోకే పోతుందని తెలిసి నాకు ఒళ్లు మండింది. ఆమెకు మండలేదు. "అడిగితే వచ్చే ఏడు ఇంకొకరికి ఇస్తాడు" అంది, చేతి పని ఆపకుండానే. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011లోనే వచ్చింది. నోటిమాట కౌలుకు కార్డు అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది?

మాది కోనసీమ. కాలువ నీళ్లుండి కూడా గిట్టుబాటు కాక, అదే 2011లో మా వాళ్లు పంట విరామం ప్రకటించి దేశమంతా వార్తల్లోకి ఎక్కారు. కౌలు ముందే కట్టేసిన ఈవిడకు విరామం కూడా కుదరదు. వాన పడినా, పడకున్నా విత్తాల్సిందే.

బస్సు వచ్చింది, నిలబడే ప్రయాణం. జంగాలపల్లిలో దిగితే రామప్పకు రానుపోను ఆటో 600 అన్నాడు. పర్యాటకులంటే వీళ్లకు లోకువ అని గొణుక్కుంటూ ఎక్కాను. గుడి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. తిరుగు దారిలో డ్రైవరు తన కథ చెప్పాడు. 2021లో కౌలుకు తీసుకుని మిరప వేస్తే, పూత మీద నల్ల తామర పురుగు పడి తోట మొత్తం పోయింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఆ అప్పు తీర్చడానికే ఈ ఆటో, దీనికి ఇంకో అప్పు.

"మళ్లీ వ్యవసాయం చేయవా తమ్ముడూ?"

"దీనిలో సాయంత్రానికి డబ్బు కనబడుతుంది సార్."

బేరం ఆడకుండా ఇచ్చేశాను. అయినా ఆ దూరానికి 600 ఎక్కువే.