టార్చి వేసి చూశాక

పదకొండున్నర దాటింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. అత్తయ్యగారి గదిలోంచి దగ్గు వినిపిస్తోంది, అంటే ఆవిడా నిద్రపోలేదన్నమాట. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం పొద్దున కాకినాడలో పాత కెమెరాల కొట్టులో విన్న ఒక్క ముక్క. "తమ్ముడూ, అమ్మగారికి ఇది సరిపోద్ది, చెప్పు." నేనక్కడే ఉన్నాను. ఆ మనిషికి రెండడుగుల దూరంలో, కెమెరా కొనేదాన్ని నేనే.

మేఘాలయ చూడ్డానికి ఒక్కదాన్నే వెళ్తానన్నాను, దాని మీద ఇంట్లో జరిగిన రగడ మళ్ళీ ఎత్తను. టికెట్టు తీసేశాను. నవంబరు రెండో వారంలో రాజమండ్రిలో రైలెక్కి గువాహటిలో దిగడం, అక్కణ్ణుంచి షిల్లాంగ్ ఓ వంద కిలోమీటర్లు, ఆ పైన సోహ్రా. సోహ్రా అంటే మనం సోషల్ పుస్తకంలో బట్టీ పట్టిన చిరపుంజే. ఆ దగ్గర్లో నోంగ్రియాట్ అనే ఊళ్ళో రబ్బరు మర్రి ఊడల్ని అల్లి పెంచిన రెండంతస్తుల వంతెన ఉంది. దాని దగ్గరికి మూడు వేల పైచిలుకు మెట్లు దిగాలి, దిగినవన్నీ మళ్ళీ ఎక్కాలి. ఏటిగట్టు తప్ప ఎత్తన్నది ఎరగని కాళ్ళు నావి. వీపుకి ఒకటే బ్యాగు, కాబట్టి తువ్వాలు కూడా తూచి పెడుతున్నాను.

కెమెరా విషయంలో నేనేం గొంతెమ్మ కోరికలు కోరలేదు. జేబులో పట్టాలి, ఫోను ఛార్జింగు పెట్టినట్టే పవర్ బ్యాంకు నుంచి ఎక్కాలి, లోయలో చెట్ల నీడన తీసినా బొమ్మ అలుక్కుపోకూడదు, ఇరవై వేలు దాటకూడదు. ఈ నాలుగూ ఒకచోట కుదరవని తెలుసుకోవడానికి రెండు వారాల రాత్రుళ్ళు ఖర్చయ్యాయి. నలభై రెట్లు జూమ్ అని ఊరించే చిన్న కెమెరాలు ఉన్నాయి చూశారూ, వాటి లోపల వెలుగుని బొమ్మగా పట్టే సెన్సారు దాదాపు 6 మిల్లీమీటర్లకి నాలుగున్నర. అంటే కందిబద్దంత. ఎండలో ఫరవాలేదు గానీ మసక వెలుతురులో ఆ కందిబద్ద మీద పడే వెలుగెంత! దాని పైమెట్టు "ఒక అంగుళం సెన్సారు". అంగుళం పేరుకే, కొలిస్తే 13.2కి 8.8 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలి గోరంత. ఏ స్కేలుతో కొలిచి అంగుళమన్నారో గానీ, కందిబద్దతో పోలిస్తే వైశాల్యం నాలుగింతలు, తేడా అంతా అక్కడే. సోనీ ఆర్‌ఎక్స్ 100 అని 2012లో వచ్చిన మొదటి మోడల్లో ఈ సెన్సారే. బ్యాటరీ, కార్డు వేసినా 240 గ్రాములు, ఫోను ఛార్జరుతో ఛార్జింగ్ ఎక్కుతుంది. కంటి దగ్గర పెట్టుకుని చూసే కిటికీ లేదు, ఎండలో తెర సరిగ్గా కనపడదు, సర్దుకుందామనుకున్నాను. కొత్తది నా బడ్జెట్‌కి అందదు, పాతదైతే అందుతుంది.

బరువు గోల చెప్పి ఈయన బుర్ర తింటుంటే, కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో చేసిన మొదటి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలకి పైనేనట, ఒక్క బొమ్మ క్యాసెట్టు మీదకి ఎక్కడానికి ఇరవై మూడు సెకన్లు పట్టేదట, దానికంటే నయమే కదా అన్నారు. ఆ వెంటనే, ఫోనుంది కదా అని కూడా అన్నారు. రోజుకి నాలుగుసార్లు అంటారు ఆ మాట.

పొద్దున ఎనిమిదింటికి అమలాపురంలో బస్సెక్కాం, నేనూ చంటిగాడూ. యెదుర్లంక వంతెన మీద వాడు నిద్ర, యానాంలో నిద్ర, కాకినాడలో దిగాక ఆకలి. కాజాలు తినిపించి కొట్టుకి తీసుకెళ్ళాను. పాత కెమెరాలు కొని అమ్మే కొట్టు, ఆ సోనీ గురించి నేను ముందే ఫోన్ చేసి మాట్లాడాను, కొట్టాయన ఫోన్లో బాగానే మాట్లాడాడు. ఎదురుగా నిలబడేసరికి మాత్రం నేను మాయమైపోయాను. ఏ బ్యాటరీ ఇస్తారని నేను అడిగితే జవాబు చంటిగాడికి. ఎన్ని ఫొటోలు తీసిందో అని నేనడిగితే చంటిగాడి భుజం మీద చెయ్యేసి, "ఒక్క ఫంక్షన్‌కే వాడారు తమ్ముడూ, ఆయ్, బాక్సు కూడా ఉంది." వాడికి పదిహేడేళ్ళు. వాడికి కెమెరా గురించి తెలిసింది సున్నా, ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు, మధ్యమధ్యలో మర్యాదకి తలూపుతున్నాడు. ఆ తలూపడం చూసి కొట్టువాడు మరీ రెచ్చిపోయి, ఫొటోలో వెనకంతా మసకబారే బొకే గురించి, వీడియో గురించి, రీల్స్ గురించి ఉపన్యాసం. నేనేమో కూరగాయల సంచీ మోయడానికి వచ్చిన మనిషిలా పక్కన.

అప్పుడు ఫోను టార్చి వేసి లెన్సు మీద ఏటవాలుగా కొట్టాను. ఎదురుగా చూస్తే ఏమీ తెలీదు, పక్కనుంచి వెలుతురు పడాలి. అద్దం అంచు దగ్గర, లోపలి పొరలో, సన్నటి దారాలు. సాలీడు ఇప్పుడిప్పుడే గూడు మొదలెట్టినట్టు ఒక మూలనుంచి నాలుగైదు పోగులు, వాటినుంచి మళ్ళీ పిల్ల పోగులు. బూజు పట్టిందండీ అన్నాను. వాడు కెమెరా నా చేతిలోంచి తీసుకుని ఊదాడు. అద్దం లోపల ఉన్నదాన్ని బయటనుంచి ఊదాడు! ఊది, చంటిగాడితో, "దుమ్ము తమ్ముడూ, తుడిస్తే పోద్ది." తర్వాతే ఆ అమ్మగారి ముక్క. కంది సెన్సారు కెమెరా ఒకటి తీసి బల్ల మీద పెట్టి, "అమ్మగారికి ఇది సరిపోద్ది, చెప్పు."

బూజు నాకు కొత్త కాదు. మా బాబాయి యాషికా రీలు కెమెరా గురించి ఇదివరకు రెండు ముక్కలు రాసినట్టున్నాను, మొత్తం ఎప్పుడూ రాయలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. నేను ఎనిమిదో తరగతి. తెల్లారి చూస్తే మా వీధి నుంచి కాలవ దాకా కొబ్బరిచెట్లు కొన్ని వేళ్ళతో సహా పడిపోయి, నిలబడ్డవాటికి మొవ్వులు లేక స్తంభాల్లా. ఎవరన్నారో తెలీదు, నష్టపరిహారానికి ఫొటోలుంటే మంచిదని ఓ మాట పుట్టింది. వీధి మొత్తానికి కెమెరా మా బాబాయిదొక్కటే. ముప్ఫై ఆరు ఫొటోల రీలు, అందులో తొమ్మిది చెల్లి పుట్టినరోజుకి అయిపోయాయి, మిగిలినవి ఇరవై ఏడు. వీధిలో ఇళ్ళు అంతకంటే ఎక్కువ. మా పాక ఒకటి తియ్యండి, మా గొడ్లసావిడి తియ్యండి, మా దింపుచెట్లు పన్నెండూ ఒక్క ఫొటోలో వచ్చేట్టు తియ్యండి అని జనం. లెక్క తప్పకుండా చూసే పని నాది. ఫొటో తీసినప్పుడల్లా అరుగు గోడ మీద బొగ్గుతో గీత గీసేదాన్ని. ఆ గీతలు సున్నం వేసేదాకా ఉన్నాయి.

ఇరవై ఆరో గీత గీశాక మా నాన్నమ్మ వచ్చి పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చుని, నన్నొకటి తియ్యరా అంది. ఆవిడ అలాంటివి అడిగే మనిషి కాదు. ఆ చెట్టు ఆవిడ కాపురానికి వచ్చిన ఏడు పాతిందట. బాబాయి రీలు అయిపోయిందమ్మా అన్నాడు. ఆఖరిది పక్కింటాయన సావిడికని మాటిచ్చేశాడు, ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నేను ఊరుకోకుండా, "ఇంకోటుంది బాబాయ్" అని గోడ చూపించాను. బాబాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. తీశాడు. పక్కింటాయన మాతో రెండేళ్ళు మాట్లాడలేదు. కరెంటు లేక, స్టూడియో తెరవక, ఫొటోలు వచ్చేసరికి సంక్రాంతి దాటింది. రీలు చివరిది కదా, వెలుతురు పడి సగం తెల్లగా కాలిపోయింది. మిగిలిన సగంలో నాన్నమ్మ ఎడమ భుజం, మొహం, మొద్దు మీద ఆనించిన చెయ్యి. హాల్లో కాలెండరు పక్కన ఉన్నది అదే.

ఆ కెమెరాని బాబాయి ఎంత అపురూపంగా చూశాడంటే, తోలు కవరులో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండలు వేసి. అదే దానికి గోరీ కట్టింది. మన కోనసీమ చెమ్మకి తోలు చెమ్మని పీల్చి పట్టుకుంటుంది, చీకటి, గాలి ఆడదు, బూజుకి ఇంకేం కావాలి. తర్వాత స్టూడియో అతను టార్చి వేసి చూపించాడు, ఇవే పోగులు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలనీ, వారానికోసారి బయటికి తీసి వాడుతుండాలనీ అతనే చెప్పాడు.

ఇదంతా తిట్టుకుంటూ రాస్తూ వచ్చానా, ఇక్కడికొచ్చాక చెయ్యి ఆగింది. అసలు చంటిగాణ్ణి నేనెందుకు తీసుకెళ్ళాను? వాడు వస్తానన్లేదు. నేనే, ఆదివారం కదా రారా, కాజాలు కొనిపెడతా అని బతిమాలి లాక్కెళ్ళాను. సంచీ మోయడానికా? కెమెరా అరచేతిలో పడుతుంది. తెలియని కొట్టు, మగాళ్ళుంటారు, బేరం ఆడాలి, పక్కన ఒక మగపిల్లాడుంటే నయం అనుకున్నాను. డెబ్భై కిలోమీటర్లు కూడా లేని కాకినాడకి తోడు కావలసిన మనిషిని, దేశం ఆ చివరికి ఒక్కదాన్నే వెళ్తానని ఇంటిల్లిపాదితో నెల్రోజులు యుద్ధం చేశాను. తోడుగా వచ్చినవాడితో మాట్లాడాడు ఆ కొట్టువాడు. అలాగని వాడు చేసింది ఒప్పయిపోదు. బూజుని దుమ్మన్నాడు కదా, దానికి మాత్రం క్షమించను.

వచ్చేటప్పుడు ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వచ్చి గోదారి దాటించే పంటు ఎక్కాం. మోటారు సైకిళ్ళు, గడ్డి మోపులు, ఒక పెళ్ళి జనం. గౌతమి నిండుగా ఉంది, లంకల మీద రెల్లు పూసి గాలికి ఒకేసారి వంగుతోంది. ఓ పది నిమిషాలు కొట్టూ లేదు, వాడూ లేడు. ఫోను తీసి జూమ్ చేసి రెల్లు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్క పువ్వు కూడా విడిగా లేదు, గోడకి సున్నం కొట్టినట్టు తెల్లటి మరక. డిజిటల్ జూమ్ అంటే ఇదే, దూరాన్ని దగ్గరికి తేవడం కాదు, ఉన్న ముక్కని కత్తిరించి సాగదీయడం. జూమ్ చేయకుండా తీసినది మాత్రం బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది, కంది సెన్సారు కెమెరా అంత బాగా తీయదు. ఈయనతో ఈ మాట అనను.

కాబట్టి ఇప్పుడు నాకు ఏం కావాలో నాకే తెలీడంలేదు. ఫోను చాలు అనుకున్నామా, మ్యాపు అందులోనే, టికెట్టు అందులోనే, డబ్బులు అందులోనే, ఇంటికి రోజూ రెండుసార్లు చెయ్యాల్సిన ఫోనూ అందులోనే. మధ్యాహ్నానికి ఫొటోలతో బ్యాటరీ తాగేసి, మూడు వేల మెట్ల కింద అది చచ్చిపోతే అత్తయ్యగారు పోలీసు రిపోర్టు ఇచ్చేస్తారు. కెమెరా వేరే ఉండడానికి నాకు తోచిన గట్టి కారణం ఇదొక్కటే, బొమ్మ నాణ్యత తర్వాత.

ఇంతలో 2009లో కొన్నది గుర్తొచ్చింది, అమ్మాయి పుట్టినప్పటిది, పది మెగాపిక్సెళ్ళు, రెండు పెన్సిల్ సెల్లులతో నడిచేది. సెల్లులంటే ఏ కిళ్ళీ కొట్లోనైనా దొరుకుతాయి, ఛార్జింగు గొడవే లేదు. లేచి వెతికితే పాత పరీక్ష పేపర్ల అట్టపెట్టెలో దొరికింది. టార్చి వేసి చూశాను, అంచంతా తిప్పి తిప్పి చూశాను, పోగులు కనపడలేదు. ఇంట్లో సెల్లులు లేక హాల్లో గడియారంలోది ఒకటి, వంటింటి గడియారంలోది ఒకటి తీసి వేశాను. గుర్రుమని లెన్సు బయటికొచ్చింది, తెర మీద మా భోజనాల బల్ల కాసేపు కనిపించింది, బ్యాటరీ మార్చమని రాసి ఆరిపోయింది. లెన్సు లోపలికి కూడా పోలేదు. పాపం గడియారం సెల్లులు, అంత బరువు మోయలేవుగా. రేపు బజార్లో మంచివి నాలుగు కొనాలి.

ఇప్పుడు ఆ సెల్లులు మళ్ళీ పెడితే రెండు గడియారాలూ నడుస్తున్నాయి గానీ, ఒకటి పన్నెండుకి పది నిమిషాలంటోంది, ఇంకోటి పన్నెండుకి ఏడంటోంది. ఫోను పన్నెండూ పది అంటోంది. ముల్లు తిప్పుదామంటే హాలు గడియారం వెనక చక్రం కిర్రుమంటుంది. అత్తయ్యగారి దగ్గు ఇప్పుడే ఆగింది.