విభూతితో తోమిన పది రూపాయలు

మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టే వెండి నాణెం ఒకటుంది. గాంధీ బొమ్మది, పది రూపాయలది. గాంధీ శతజయంతికి 1969లో వేసింది. మా నాయన పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసే రోజుల్లో బొంబాయి టంకశాలకు డబ్బు కట్టి తెప్పించుకున్న ప్రూఫ్ సెట్‌లోది. ఆ సెట్ పెట్టె ఎప్పుడో పోయింది. అందులోని చిల్లర నాణేలతో నేనే ఆడుకుని పారేశానని అమ్మ అంటుంది, నాకైతే గుర్తులేదు. తర్వాత ఆయన 1972 సెట్ కూడా కొన్నాడు. అదెందుకో పూజగదికి చేరలేదు. బీరువాలో పట్టుచీరల కింద, ప్లాస్టిక్ డబ్బీలోనే ఉండిపోయింది.

నాయన పోయిన ఏడాదికి బీరువా సర్దుతుంటే అది కనిపించింది. ఈ రెండు పది రూపాయల నాణేలనూ, నాణెం స్థితి చూసి మార్కులు వేసే విదేశీ సంస్థకు గ్రేడింగ్‌కి పంపి, వాళ్లు సీలు వేసిచ్చే గట్టి ప్లాస్టిక్ పెట్టె, అంటే స్లాబ్‌లో పెట్టించి ఉంచుకుందామన్న బుద్ధి అప్పుడు పుట్టింది. మొదలుపెట్టినప్పుడు నాలుగు ఫొటోలు తీసి పంపితే అయిపోతుందనుకున్నాను. ఏడు నెలలు పట్టింది.

ప్రూఫ్ అంటే మచ్చలేని నాణెం అని చాలామంది అనుకుంటారు. అది నాణ్యత పేరు కాదు, తయారీ పద్ధతి పేరు. బిళ్లనూ, ముద్ర కొట్టే అచ్చునూ (డై) ముందే అద్దంలా మెరుగుపెట్టి, ఎక్కువ ఒత్తిడితో, కనీసం రెండుసార్లు కొట్టి తీస్తారు. అందుకే చదునుగా ఉండే ఫీల్డ్‌లో మన ముఖం కనిపిస్తుంది. మా 1972 దాని మీద సంవత్సరం కింద ఇంగ్లీషు ‘బి’ అక్షరం ఉంటుంది, అది బొంబాయి ప్రూఫ్ గుర్తు. చలామణికి కొట్టిన బొంబాయి నాణేలకైతే వజ్రం ఆకారంలో చుక్క. ఊరి పేరు ముంబయిగా మారాక, 1996 నుంచి ప్రూఫ్‌ల మీద ‘ఎం’ వేస్తున్నారు.

ఆ అద్దమే నా కొంప ముంచింది. మొదటి ఫొటోలో గాంధీగారి చుట్టూ నల్లటి గుండ్రం వచ్చింది. అది నా లెన్సే. కొంచెం పక్కకు జరిపితే ఫీల్డ్ అంతా గులాబీ రంగు. వెండికి ఇదేం రంగని అరగంట బుర్ర గోక్కున్నాను. వైట్ బ్యాలెన్స్ మార్చాను, బల్బు మార్చాను. చివరికి చూసుకుంటే నేను వేసుకున్నది ఎర్ర బనియన్. అప్పటి నుంచి నాణేల పనికి నల్ల చొక్కా.

స్టాండుకి పెద్దగా ఖర్చు కాలేదు. మా వీధి చివర మూసేసిన ఫొటో స్టూడియో వాళ్లు పాత ఎన్‌లార్జర్‌ను తూకానికి వేస్తుంటే కొన్నాను. తల పీకేసి కెమెరా బిగించాను. పైకీ కిందికీ నిలువుగా కదులుతుంది, ఊగదు. రిచీ స్ట్రీట్‌లో చిన్న ఎల్‌ఈడీలు రెండు, అడాప్టరు కొన్నాను. వంద ఎంఎం మ్యాక్రో లెన్స్ మాత్రం ఆఫీసు స్నేహితుడిది, అడిగి తెచ్చుకున్నాను. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్. లెన్స్ రంధ్రాన్ని ఇంకా చిన్నది చేసి ఎఫ్/16కి వెళ్తే అంతా ఫోకస్‌లో ఉంటుందనుకున్నాను గానీ, అక్కడ అక్షరాల అంచులు మెత్తబడిపోతాయి.

మే నెల మద్రాసులో ఈ పని ఎవరినీ చేయమని చెప్పను. ఫ్యాన్ వేస్తే టేబుల్ వణుకుతుంది. ఆపితే ముక్కు చివర చెమట. ప్రూఫ్ మీద ఒక్క చెమట బొట్టు పడినా, తుమ్మినా, దాని మీదకు వంగి మాట్లాడినా, ఆ చుక్క కొన్నాళ్లకు మచ్చవుతుంది. కరోనా కాలం నాటి మాస్కులు అలా మళ్లీ బయటికొచ్చాయి. పైగా మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. లోకల్ వెళ్లిందంటే ఆ ఫొటో పోయినట్టే. రాత్రి పన్నెండు దాటాక, ఆఖరి బండి వెళ్లిన తర్వాత తీసేవాణ్ణి.

వెలుతురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లెన్స్‌కీ నాణేనికీ మధ్య ఫొటో ఫ్రేము అద్దాన్ని నలభై అయిదు డిగ్రీల వాలుగా నిలబెట్టి, పక్క నుంచి లైటు కొడితే, వెలుతురులో కొంత అద్దం మీద నుంచి నిట్టనిలువుగా నాణెం మీదకు దిగుతుంది. ఫీల్డ్ దాన్ని అలాగే పైకి లెన్స్‌లోకి పంపుతుంది. అప్పుడు ఫీల్డ్ తెల్లగా, బొమ్మ బూడిదరంగులో వస్తుంది. అద్దం తీసేసి లైటును పక్క నుంచి ఏటవాలుగా పెడితే అంతా తలకిందులు. ఫీల్డ్ కాటుకలా నల్లగా, మంచు పట్టినట్టుండే బొమ్మ తెల్లగా తేలుతుంది. క్యామియో అంటారే, ఆ తేడా చూపించాలంటే ఇదే దారి. మూడో పద్ధతి లైటుకి ట్రేసింగ్ పేపరు కప్పడం. వెన్నెల పరిచినట్టుంటుంది, ఏ నాణెమైనా పెళ్లికూతురే.

నేను ఆ మూడో పద్ధతికి పడిపోయాను. ట్రేసింగ్ పేపరు కింద మా గాంధీ నాణెం మెరిసిపోయింది. ప్రూఫ్ 66 రావచ్చని నాకు నేనే మార్కులు వేసుకున్నాను.

ఈ మార్కుల స్కేలు ఒకటి నుంచి డెబ్బై వరకు. ప్రూఫ్‌లకు అరవై దాటితేనే గౌరవం, ఆ లోపలిది చేతులు మారి అరిగిన ప్రూఫ్ కింద లెక్క. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా సైకాలజిస్టు అక్కడి పాత రాగి సెంట్ల ధర కట్టడానికి దీన్ని పెట్టాడు. ఆ పెద్దమనిషే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ దగ్గరున్న మంచి సెంట్లు కొట్టేసి, వాటి చోట తన నాసిరకంవి పెట్టాడని తర్వాత తేలింది. రోజూ ఆయన స్కేలే వాడుతూ ఈ సంగతి గుర్తొస్తే నవ్వొస్తుంది.

ఫొటోలు ప్రింటు తీయించుకుని షావుకారుపేటలో ఒక నాణేల వ్యాపారి దగ్గరికి వెళ్లాను. నెల్లూరు వైపు ఆయన, నలభై ఏళ్లుగా ఇక్కడే. ప్రింట్లు పక్కన పెట్టేసి, “ఫొటోతో నాకేం పని నాయనా, నాణెం ఇటివ్వు” అన్నాడు. అంచులు పట్టుకుని, టేబుల్ లైటు కింద నెమ్మదిగా వాల్చాడు. లైటు చుక్క ఫీల్డ్ మీద జారుతుంటే దాని చుట్టూ సన్నటి గీతలు సాలెగూడులా లేచాయి, మళ్లీ మాయమయ్యాయి.

“డై గీతలేమో అన్నా. డైకి మెరుగుపెట్టినప్పుడు పడతాయంటారు కదా” అన్నాను.

“అవునా? ఇంటికెళ్లి గీత ఎక్కడ ఆగుతుందో చూసుకో.”

ఆయన చెప్పింది ఇంటికొచ్చాక అర్థమైంది. డై మీద పడిన గీత నాణెం మీద ఉబ్బెత్తుగా వస్తుంది. పైగా అది ఫీల్డ్‌లోనే ఉంటుంది, బొమ్మ దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఎందుకంటే డైలో బొమ్మ గుంటలో ఉంటుంది, మెరుగుపెట్టే సాధనం ఆ లోతుకి తగలదు. బట్టతోనో పొడితోనో రుద్దితే పడే గీత నాణెంలోకి దిగిన గీత. అది ఫీల్డ్ అనీ బొమ్మ అనీ చూడదు, దాటుకుని పోతుంది.

ఆ రాత్రి ట్రేసింగ్ పేపరు పీకేశాను. ఒక్కటే ఎల్‌ఈడీ, నాణెం కింద ఒక పక్క అగ్గిపుల్ల పెట్టి వాలుగా ఉంచాను. లైటు గడియారం ముల్లులా జరుపుతూ పన్నెండు ఫొటోలు తీశాను. నాలుగో గంట దగ్గర దొరికింది. ‘మహాత్మా’ అన్న హిందీ అక్షరాల పక్కన మొదలైన గీతల గుత్తి ఫీల్డ్ దాటి, గాంధీగారి చెంప మీదుగా వెళ్లింది. అన్నీ కొంచెం వంపుగా, ఒకే తీరున. వేలితో గుండ్రంగా తోమితే పడే వంపు అది.

పొద్దున్నే కాఫీ దగ్గర అమ్మని అడిగాను, దీన్ని ఎప్పుడైనా తోమావా అని.

“తోమకుండా దేవుడి ముందు పెడతారంట్రా? ఏటా విభూతితోనే. పీతాంబరి కూడా వాడలేదు, గీతలు పడతాయని” అంది.

ఇంకేమంటాను.

1972 నాణెం కథ వేరు. దానికి చెయ్యి తగల్లేదు గానీ, డబ్బీ ప్లాస్టిక్ వల్ల మీద పొగలాంటి పొర పట్టింది. దీనికి స్వచ్ఛమైన అసిటోన్ మందు. అది వెండిని ముట్టుకోదు, ప్లాస్టిక్ జిగటనే కరిగిస్తుంది. గోళ్లరంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో ఇంకేవేవో కలుపుతారు. నేను మహా తెలివిగా అసిటోన్‌ను ముందు ఒక ప్లాస్టిక్ మూతలో పోశాను. చూస్తుండగానే మూత మెత్తబడి వంగిపోయింది. నాణెం ఇంకా అందులో వేయలేదు కాబట్టి బతికిపోయాను. తర్వాత గాజు గిన్నె తెచ్చి, పొయ్యికి దూరంగా, కిటికీలన్నీ తెరిచి, ముంచి తీశాను. రుద్దలేదు, తుడవలేదు, దానంతటదే ఆరింది. పొర పోయింది. పార్లమెంటు భవనం ముందు జెండా పట్టుకున్న ఆ జంట అంచులు మళ్లీ కనిపించాయి.

పంపడం ఒక ఏజెంటు ద్వారా. వందేళ్లు దాటినవైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మనలాంటి వాళ్లు దేశం దాటించకూడదు. మనవాటికి ఆ బెడద లేదు. ఏజెంటు ఫారంలో రెండు నాణేలకూ ‘ప్రూఫ్’ బదులు మామూలు నాణెం అని రాశాడు. ప్యాక్ చేసేముందు నేను చదవబట్టి సరిపోయింది, లేకపోతే ఎన్ని నెలలు తిరగాల్సి వచ్చేదో. ప్రతి దాని బరువూ నేనే కొలిచి రాసుకున్నాను. గాంధీ నాణెం ఉండాల్సింది 15 గ్రాములు, నా త్రాసులో 14.97 వచ్చింది. ఆ మూడు సెంటీగ్రాములు త్రాసు తేడా అని మనసుకి చెప్పుకున్నాను.

చెంప మీద గీతలు చూశాక కూడా గాంధీ నాణెం ఎందుకు పంపావని షావుకారుపేట అన్న తిట్టాడు. ఆ ట్రేసింగ్ పేపరు ఫొటో నా ఫోన్‌లో ఇంకా ఉంది మరి. దాన్ని చూసినప్పుడల్లా గ్రేడరు కూడా మెత్తటి లైటు కిందే చూస్తాడేమోనని ఒక పిచ్చి ఆశ.

మూడు నెలలకు వచ్చాయి. 1972 దానికి ప్రూఫ్ 64 క్యామియో. నేను 64 అని ముందే డైరీలో రాసుకున్నాను, క్యామియో మాత్రం ఊహించలేదు. గాంధీ నాణేనికి అంకె లేదు. ‘ప్రూఫ్ డీటెయిల్స్, క్లీన్డ్’ అని మాత్రం లేబుల్ మీద. రెండింటికీ ఫీజు ఒకటే.

స్లాబ్‌లో ఉన్న నాణేన్ని ఫొటో తీయడం ఇంకో తలనొప్పి. ఆ అద్దం పద్ధతి అసలు పనిచేయదు, ముందు ప్లాస్టిక్కే మెరుస్తుంది. అందుకే ఎవరైనా నన్ను అడిగితే, పంపకముందే అన్ని కోణాల్లోనూ తీసి పెట్టుకోమంటాను. ముఖ్యంగా ఆ నాలుగో గంట లైటుతో.

ఆగస్టులో వ్రతం వచ్చింది. నాణెం ఏదని అమ్మ అడిగింది. స్లాబ్ అలాగే చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పింది, గోటితో తట్టింది. కలశం ముందు నిలబెట్టి, సరిగ్గా గాంధీగారి నుదుటి మీదుగా ప్లాస్టిక్‌కి కుంకుమ బొట్టు పెట్టింది. మర్నాడు ఉద్వాసన చెప్పి, వెండి కుందులతోపాటు దాన్నీ సింక్ పక్కన పెట్టింది. నేను చూసేసరికి విభూతి డబ్బా మూత తీసి ఉంది.