రూమ్మేట్ ఇచ్చిన అడెరాల్

తాగుడు గురించి, గంజాయి గురించి మన ఇళ్లలో పిల్లలకు ఏదో ఒకరోజు చెబుతాం. చదువు కోసం వేసుకునే మాత్ర గురించి మాత్రం చెప్పం. అది మన కంటికి మత్తుమందులా కనిపించదు మరి. రాత్రంతా మేలుకుని చదువుతున్నాడంటే మన తరానికి ముచ్చటే వేస్తుంది. అమెరికా కాలేజీల్లో డిసెంబరులోనూ, మళ్లీ ఏప్రిల్ ఆఖరుకూ ఫైనల్స్ దగ్గరపడేసరికి డార్మ్‌లో, అంటే కాలేజీ హాస్టల్‌లో, అడెరాల్ అనే ఆ మాత్ర చేతులు మారుతుంది. ఆ సంగతి ఇంటిదాకా రాకపోవడానికి మన ఈ ముచ్చట కూడా ఒక కారణమే.

అడెరాల్ అంటే నాలుగు యాంఫెటమిన్ లవణాల మిశ్రమం. వైవాన్స్ కూడా ఆ కుటుంబానిదే. రిటాలిన్, కాన్సర్టాల్లో ఉండేది మిథైల్‌ఫెనిడేట్. స్టిమ్యులెంట్లు అనే ఈ మందులన్నీ మెదడులో డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాల పనిని పెంచుతాయి. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవని, కుదురుండని సమస్య ఉన్నవాళ్లకు, డాక్టర్ చూసి ఇచ్చినప్పుడు, ఇవి మంచి మందులు. వీటితో నిలదొక్కుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని పిల్లల దగ్గర "అది విషం" అని మొదలుపెట్టకండి. వాళ్ల స్నేహితుల్లో ఆ మందు మీద హాయిగా చదువుకుంటున్నవాళ్లు ఉంటారు. మీ మాటకు అక్కడే విలువ పోతుంది.

తేడా మోతాదులో ఉంది, చూసేవాళ్లు ఉన్నారా లేరా అన్నదాంట్లో ఉంది. పెద్దవాళ్లకు మామూలు అడెరాల్‌ను డాక్టర్లు చాలావరకు 5 మిల్లీగ్రాములతో, రోజుకు ఒకటి రెండుసార్లుగా మొదలుపెట్టి, బీపీ, నాడి చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. రూమ్మేట్ సీసాలో ఉండేది అతని ఒంటికి నెలల తరబడి అలవాటైన 20 లేదా 30 మిల్లీగ్రాముల మాత్ర. పైగా రెండు రకాలున్నాయి. మామూలుది 4 నుంచి 6 గంటలు పనిచేస్తుంది, ఎక్స్‌ఆర్ అనే నిదానపు రకం 10 నుంచి 12 గంటలు. అలవాటు లేని పిల్లలకు ఈ తేడా తెలియదు. సాయంత్రం ఆరింటికి ఎక్స్‌ఆర్ వేసుకుంటే తెల్లవారేదాకా కన్ను మూతపడదు. గంటన్నర చూసి, ఇంకా ఎక్కలేదని రెండోది వేసుకుంటే రెండూ ఒకేసారి పైకి లేస్తాయి. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, ఏదో ముంచుకొస్తోందన్న భయం అప్పుడే మొదలవుతాయి.

మందు రాసే ముందు డాక్టర్ అడిగే ప్రశ్నలు డార్మ్‌లో ఎవరూ అడగరు. ఎప్పుడైనా స్పృహ తప్పావా, పరుగెత్తితే ఛాతీలో నొప్పి వచ్చిందా, ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా గుండెజబ్బు వచ్చిందా, ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా? దక్షిణాసియా కుటుంబాల్లో గుండెజబ్బు మిగతావాళ్ల కంటే ముందే వస్తుందని తెలిసిన విషయమే. తాతయ్యకో బాబాయికో నలభైల్లో స్టెంట్ పడి ఉంటే ఆ సంగతి పిల్లలకు చెప్పి ఉంచాలి. డిప్రెషన్‌కు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందు వాడుతున్న పిల్లలైతే దానికి యాంఫెటమిన్ తోడై సెరొటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరొటోనిన్ అనే రసాయనం ప్రమాదకరంగా పెరిగిపోవడం) వచ్చే ప్రమాదం ఉంది. మద్యంతో కలిస్తే ఇంకో చిక్కు. మాత్ర మత్తును కప్పేస్తుంది కాబట్టి ఎంత తాగారో వాళ్లకే తెలియదు. మాత్ర పని దిగిపోయాక ఆ మద్యమంతా ఒక్కసారిగా తెలుస్తుంది.

మరి మార్కులైనా పెరుగుతాయా అంటే, ఏడీహెచ్‌డీ లేనివాళ్లలో అలాంటి లాభం కనిపించలేదు. 2018లో రోడ్ ఐలండ్, బ్రౌన్ యూనివర్సిటీల పరిశోధకులు ఏడీహెచ్‌డీ లేని కాలేజీ విద్యార్థులకు 30 మిల్లీగ్రాముల అడెరాల్ ఇచ్చి చూశారు. శ్రద్ధ కొంత పెరిగింది కానీ వర్కింగ్ మెమరీ, అంటే విషయాన్ని అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే శక్తి, తగ్గింది. ఆ పరీక్షలో కూర్చున్నవాళ్లు పదమూడుమందే, కాబట్టి దాని ఒక్కదాని మీదే తీర్పు చెప్పలేం. 2023లో మెల్‌బోర్న్ పరిశోధకులు నలభైమంది ఆరోగ్యవంతులకు ఇలాంటి మందులే ఇచ్చి, పరిమిత బరువున్న సంచిలో ఏ వస్తువులు పెడితే ఎక్కువ విలువ వస్తుందో తేల్చే లెక్కలు చేయించారు. శ్రమ పెరిగింది, జవాబుల నాణ్యత పడిపోయింది. వేసుకున్నవాళ్లకు బ్రహ్మాండంగా చదివేశామన్న నమ్మకం మిగులుతుంది. చిక్కంతా ఆ నమ్మకంతోనే. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలో. ఆ నిద్రనే ఈ మాత్ర లాగేసుకుంటుంది. కొన్ని కాలేజీలు దీన్ని కాపీ కొట్టడంతో సమానంగా చూస్తాయి. డ్యూక్ యూనివర్సిటీ 2011లోనే, ప్రిస్క్రిప్షన్ లేకుండా చదువు కోసం ఇలాంటి మందులు వాడటాన్ని తన నియమావళిలో మోసం కింద చేర్చింది.

ఇప్పటిదాకా చెప్పిందంతా మాత్ర అసలుదైతే. 2022 అక్టోబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడెరాల్ కొరత ఉందని ప్రకటించింది. ప్రిస్క్రిప్షన్ ఉన్నవాళ్లే ఫార్మసీల చుట్టూ తిరిగారు. స్నేహితుల దగ్గర దొరకనప్పుడు పిల్లలు స్నాప్‌చాట్ లాంటి చోట్ల వెతుకుతారు. అక్కడ వచ్చేవి అచ్చు యంత్రం మీద కొట్టిన నకిలీ మాత్రలు. రంగు అదే, అంకెలు అవే. లోపల ఉండేది మెథాంఫెటమిన్ (మెథ్) అనే మత్తుమందు, లేదా నల్లమందు తరహాలో పనిచేసే అతి తీవ్రమైన ఫెంటనిల్. 2022 మే నెలలో, సరిగ్గా ఫైనల్స్ రోజుల్లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ దగ్గర ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఫెంటనిల్ కలిసిన నకిలీ అడెరాల్ తిరుగుతోందని ఆ యూనివర్సిటీ విద్యార్థులందరినీ హెచ్చరించింది. 2 మిల్లీగ్రాముల ఫెంటనిల్ ప్రాణం తీయగలదు. 2023లో అమెరికా మత్తుమందుల నిరోధక సంస్థ డీఈఏ ల్యాబ్‌లో పరీక్షించిన నకిలీ ఫెంటనిల్ మాత్రల్లో పదికి ఏడింటిలో అంత మోతాదో, అంతకంటే ఎక్కువో ఉంది. చూపుతో పట్టుకోవడం ఫార్మసిస్టుకే కష్టం, పంతొమ్మిదేళ్ల పిల్లవాడి వల్ల ఏమవుతుంది?

అందుకే డార్మ్‌కు పంపే సామాన్లలో, పచ్చళ్ల సీసాల పక్కన, నార్కాన్ పెట్టె ఒకటి పెట్టండి. ఫెంటనిల్ లాంటి వాటికి విరుగుడుగా ముక్కులో కొట్టే 4 మిల్లీగ్రాముల నాలోక్సోన్ స్ప్రే అది. 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఫార్మసీలో దొరుకుతోంది, పెట్టెలో రెండు ఉంటాయి. చాలా క్యాంపస్‌లలో ఉచితంగానే ఇస్తారు. "నా మీద నమ్మకం లేదా?" అని పిల్ల అడిగితే, "నీకోసం కాదు, నీ ఫ్లోర్‌లో ఎవరికైనా అక్కరకొస్తుంది" అనండి. అది నిజం కూడా. లేపినా లేవకపోవడం, ఊపిరి మరీ నెమ్మదించడం లేదా గురకలా రావడం, పెదాలు నీలం తిరగడం, కంటిపాప సూదిమొనంత అవడం ఫెంటనిల్ గుర్తులు. వెంటనే 911కు ఫోన్ చేసి, వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ఒక ముక్కు రంధ్రంలో పూర్తిగా కొట్టాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది రెండో రంధ్రంలో. ఊపిరి తిరిగి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మెలకువ వచ్చినా వదిలేయకూడదు. నాలోక్సోన్ పని అయిపోయాక ఫెంటనిల్ మళ్లీ ముంచుతుంది. మెథ్ మీద, అడెరాల్ మీద ఇది పనిచేయదు కానీ తెలియక కొట్టినా హాని లేదు. అసలు అడెరాల్ ఎక్కువైతే గుర్తులు వేరు. ఒళ్లు కాలిపోవడం, ఛాతీ నొప్పి, పొంతన లేని మాటలు, లేనిపోని అనుమానాలు, ఫిట్స్. మజ్జిగ తాగించి పడుకోబెట్టే సందర్భం కాదది, దానికీ 911.

చట్టం దగ్గర మన కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఒకే ఇంట్లో తమ్ముడు డాలస్‌లో పుట్టి ఉంటాడు, అక్క విజయవాడలో పుట్టి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉంటుంది. ఒకే తప్పుకు ఇద్దరికీ పడే శిక్ష ఒకటి కాదు. ఫెడరల్ చట్టంలో అడెరాల్ షెడ్యూల్ 2 మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది. తన పేరు మీద ప్రిస్క్రిప్షన్ లేకుండా ఒక్క మాత్ర దగ్గర పెట్టుకున్నా మొదటి నేరానికి ఏడాది దాకా జైలు, కనీసం 1,000 డాలర్ల జరిమానా ఉండొచ్చు. ఒకరికి ఇస్తే, డబ్బు తీసుకోకపోయినా, పంపిణీ నేరమే. దానికి 20 ఏళ్ల దాకా ఉంది. కాలేజీకి 1,000 అడుగుల లోపలైతే గరిష్ఠ శిక్ష రెట్టింపు. తొలిసారి దొరికిన విద్యార్థిని జైలుదాకా తీసుకెళ్లడం అరుదే. తమ్ముడి కథ చాలావరకు కౌన్సెలింగ్ క్లాసులతో ముగుస్తుంది. అక్క కథ అక్కడ ముగియదు. పౌరసత్వం లేనివాళ్లను ఇలాంటి మందుల నేరం రుజువైతే దేశం నుంచి పంపేయవచ్చని వలస చట్టం చెబుతోంది. అందులో ఉన్న మినహాయింపు సొంతానికి దగ్గర పెట్టుకున్న 30 గ్రాముల లోపు గంజాయికి, ఒక్కసారికే. ఒక్క అడెరాల్ మాత్రకు ఆ మినహాయింపు లేదు.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. స్థానిక కోర్టులో "తప్పు ఒప్పుకో, ఆరు నెలలు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తాం" అంటారు. రాష్ట్రం లెక్కలో అది కొట్టేసిన కేసు. వలస చట్టం లెక్కలో, తప్పు ఒప్పుకుని కోర్టు ఏదో ఒక షరతు పెట్టి ఉంటే, అది శిక్ష పడిన కేసే. క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. వలస పరిణామాలు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో తీర్పు చెప్పింది. అయినా అడగాల్సింది మనమే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలకూ ఇదంతా వర్తిస్తుంది.

వాళ్ల విషయంలో ఇంకొకటి. ఇండియా నుంచి వచ్చే పెట్టెల్లో మోడాలెర్ట్ స్ట్రిప్పులు కనిపిస్తుంటాయి. అది నిద్ర రాకుండా చేసే మోడాఫినిల్ మందు. అక్కడ మందుల షాపులో తేలిగ్గా దొరికినా అమెరికాలో అది షెడ్యూల్ 4 కింద నియంత్రణ ఉన్న మందు. బంధువుల చేత తెప్పించకండి. ప్రిస్క్రిప్షన్ ఉన్న పిల్లలు సెలవులకు ఇండియా వెళ్తుంటే, ఫార్మసీ లేబుల్ ఉన్న సీసాలోనే, డాక్టర్ ఉత్తరంతో, ప్రయాణానికి సరిపడా మాత్రమే తీసుకెళ్లాలి. ఇండియాలో యాంఫెటమిన్ మత్తుమందుల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. దుబాయ్, అబుధాబి మీదుగా వెళ్లేవాళ్లు ఆ దేశపు ఆరోగ్యశాఖ ముందస్తు అనుమతి నియమాలు చూసుకోవాలి. జపాన్‌లోకైతే అడెరాల్ ప్రిస్క్రిప్షన్ ఉన్నా తీసుకెళ్లడానికి లేదు.

అసలు పిల్లలు అక్కడిదాకా ఎందుకు వెళ్తారు? అందరికీ ఒకే కారణం ఉండదు. కొందరిది ఒక్క రాత్రి కంగారు. కొందరిది మాత్రం నిజంగానే ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీ. మన ఇళ్లలో ఇది దాగిపోయే తీరు ఒకటుంది. స్కూలు రోజుల్లో కుమాన్ లెక్కల క్లాసు, ట్యూషన్, సంగీతం క్లాసు, పక్కన కూర్చుని హోంవర్క్ చేయించే అమ్మ, పదింటికి ఫోన్ లాక్కునే నాన్న. ఆ పిల్లవాడి మతిమరుపును, వాయిదాలు వేసే గుణాన్ని ఇల్లంతా కలిసి మోసింది. కాలేజీలో ఆ ఇల్లు లేదు. మొదటి సెమిస్టర్‌లోనే జారతాడు. బద్ధకమని మనం తిడతాం. పక్క గదివాడు ఇచ్చిన మాత్రతో మొదటిసారి నాలుగు గంటలు కుదురుగా కూర్చోగలిగితే, వాడికి మన తిట్టు కంటే ఆ మాత్రే నిజమనిపిస్తుంది. అయితే ఆ మాత్ర కుదిరినంత మాత్రాన ఏడీహెచ్‌డీ ఉన్నట్టు కాదు. లేనివాళ్లకూ మొదట్లో అలాగే అనిపిస్తుంది.

కాబట్టి పరీక్ష చేయించాలి. ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే పదిహేడేళ్లు నిండినవాళ్లలో కనీసం ఐదు లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, వాటిలో కొన్ని పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఇబ్బంది పెట్టాలి. పన్నెండేళ్ల లోపు సంగతి చెప్పగలిగింది మనమే. పేరెంట్ ఫారంలో "మావాడికేం, ఎప్పుడూ ఏ గ్రేడే" అని రాసేస్తే డాక్టర్ చేతులు కట్టేసినట్టే. గ్రేడ్‌తో పాటు దాని వెనక ఇంట్లో ఎవరు ఎంత కష్టపడ్డారో కూడా రాయండి. ఎలిమెంటరీ రిపోర్ట్ కార్డుల్లో టీచర్లు రాసిన వాక్యాలు వెతికి పట్టుకెళ్లండి. థైరాయిడ్, నిద్రలేమి, దిగులు, ఆందోళన కూడా ఇలాగే కనిపిస్తాయి. మంచి డాక్టర్ అవన్నీ చూశాకే మందు మాట ఎత్తుతారు. పది నిమిషాల వీడియో కాల్‌లో అడెరాల్ రాసిచ్చేచోటికి వెళ్లకండి. స్టిమ్యులెంట్లు ఒంటికి పడవనుకుంటే ఆటొమాక్సెటిన్ లాంటివి ఉన్నాయి. అవి నియంత్రిత మందులు కావు, కాకపోతే పని కనిపించడానికి వారాలు పడుతుంది.

రోగ నిర్ధారణ కాగితం చేతికొస్తే కాలేజీ డిసెబిలిటీ ఆఫీసులో పరీక్షకు ఒకటిన్నర రెట్లు సమయం, విడిగా గది లాంటివి అడగొచ్చు. హైస్కూల్‌లో ఇలాంటి సదుపాయాల కోసం ఇచ్చిన 504 ప్లాన్ దానంతటదే కాలేజీకి రాదు. పిల్లలే స్వయంగా అడగాలి, పరీక్ష ముందు రోజు కాదు, సెమిస్టర్ మొదట్లో. ఎఫ్-1 విద్యార్థికి అనారోగ్యం వల్ల క్లాసులు తగ్గించుకోక తప్పకపోతే, ముందు డాక్టర్ ఉత్తరం చూపించి డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా క్లాసు వదిలేస్తే స్టేటస్ పోతుంది.

సొంత ప్రిస్క్రిప్షన్ ఉన్న పిల్లల మీద వేరే రకం ఒత్తిడి ఉంటుంది. ఫైనల్స్ వారంలో వాళ్లను అడగని స్నేహితుడుండడు. ఇలాంటి మందులు దుర్వినియోగం చేసేవాళ్లలో ఎక్కువమందికి అవి ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో దొరుకుతున్నాయని 2023లో హెచ్చరిక లేబుళ్లు మార్చినప్పుడు ఎఫ్‌డీఏయే చెప్పింది. తాళం ఉన్న చిన్న పెట్టె కొనివ్వండి, డెస్క్ మీద సీసా వద్దు. వారానికోసారి లెక్కపెట్టుకోమనండి. మాత్రలు పోతే తొందరగా ఇంకో సీసా ఇవ్వరు, ఈ మందుకు రీఫిల్ లేదు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షనే. అడిగినవాళ్లకు చెప్పడానికి ఒక మాట ముందే కుదిర్చి ఇవ్వండి. "మా డాక్టర్ లెక్క అడుగుతారు, ఒక్కటి తగ్గినా నాకు ఆపేస్తారు" అంటే స్నేహం చెడదు, మాట దక్కుతుంది. మిగిలిన మాత్రలు ఫార్మసీలోని వాపసు పెట్టెలో వేయించండి.

పిల్లలతో మాట్లాడేటప్పుడు "నువ్వు వేసుకున్నావా?" అని మొదలుపెడితే "లేదమ్మా" అని ముగుస్తుంది. "మీ ఫ్లోర్‌లో ఫైనల్స్‌కు అడెరాల్ ఎలా దొరుకుతుంది?" అని అడిగితే నిజంగా జరుగుతున్నది బయటికొస్తుంది. థాంక్స్‌గివింగ్‌కు ఇంటికొచ్చినప్పుడు అన్నం దగ్గర గమనించండి. ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, రెండు రాత్రులు మేలుకుని మూడో రోజు పధ్నాలుగు గంటలు పడుకోవడం, మాట మాటకూ చిరాకు. వాడుతున్నానని ఒప్పుకుంటే ఆ పూటకు తిట్టకండి. రోజూ వాడి ఒక్కసారిగా మానినవాళ్లకు అలసట, విపరీతమైన నిద్ర, లోతైన దిగులు వస్తాయి. చచ్చిపోవాలన్న మాట వినిపిస్తే ఆత్మహత్యల నివారణ సహాయ నంబరు 988కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, మనం కూడా చేయొచ్చు.

పద్దెనిమిదేళ్లు నిండాక పిల్లల ఆరోగ్యం గురించి ఆసుపత్రి మనకు చెప్పాల్సిన పని లేదు. కాలేజీ కూడా అంతే. ఇరవై ఒకటి లోపు పిల్లలు మందుల నియమం తప్పితే తల్లిదండ్రులకు చెప్పే వీలు చట్టం కాలేజీకి ఇచ్చింది, చెప్పి తీరాలని మాత్రం అనలేదు. ఆగస్టులో డార్మ్‌కు బయల్దేరే ముందు హిపా అనుమతి పత్రం (ఆరోగ్య వివరాలు మనకు చెప్పొచ్చని పిల్లలు ఇచ్చే సమ్మతి), వైద్య నిర్ణయాల అధికార పత్రం పిల్లల చేత సంతకం చేయించి, రెండింటి ఫొటో మీ ఫోన్‌లోనూ వాళ్ల ఫోన్‌లోనూ పెట్టుకోండి. వాళ్ల రూమ్మేట్ ఫోన్ నంబరు కూడా ఆ రోజే అడిగి రాసుకోండి.