బీచ్ పెళ్లి అనుకుంటున్నారా? ముందు ముహూర్తం చెప్పండి

ఈ మధ్య హైదరాబాద్ పెళ్లిళ్లు గోవాకో, భీమిలికో బయల్దేరుతున్నాయి. చిక్కడపల్లిలోని మా పెళ్లి వీడియో స్టూడియోకి వచ్చే పెళ్లివారు ముందు అడిగేది, "అన్నా, డ్రోన్ ఉంటది కదా?" అని. నేను అడిగేది మాత్రం ముహూర్తం ఎన్నింటికని.

పంతులుగారు సాధారణంగా దంపతుల్ని తూర్పు ముఖంగా కూర్చోబెడతారు. గోవాలో సముద్రం పడమర. కాబట్టి వాళ్ల వెనక నీళ్లు వాటంతటవే ఫ్రేమ్‌లోకి వస్తాయి. సాయంత్రం ముహూర్తమైతే సూర్యుడూ అక్కడే ఉంటాడు. ముఖాలకు ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) పెడితే ఆకాశం తెల్లగా మాసిపోతుంది, ఆకాశానికి పెడితే పెళ్లికూతురి ముఖం నల్లబడుతుంది. ముందు నుంచి పెద్ద లైట్లు వేయాల్సిందే. గాలికి స్టాండ్లు పడకుండా ఇసుక బస్తాలు కట్టాల్సిందే.

భీమిలిలో దీనికి పూర్తిగా తారుమారు. దంపతులు సముద్రాన్ని చూస్తూ కూర్చుంటారు, కెమెరాకేమో వాళ్ల వెనక సరుగుడు తోపో, రిసార్టు గోడో దొరుకుతుంది. అలలు కావాలంటే పక్కనుంచి తీయాలి. అయితే తెల్లవారాక ముహూర్తం ఉంటే ఎండ నేరుగా ముఖాల మీద పడుతుంది. పక్కపక్కన కూర్చున్నప్పుడు ఇద్దరి కళ్లలో కనిపించే ఆ మెరుపు ఏ లైటుతోనూ రాదు. నన్నడిగితే మన పెళ్లికి తూర్పు తీరమే బాగుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, అక్కడ సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందే వస్తాడు. మేకప్ ఆ లెక్కన మొదలవ్వాలి.

బొమ్మ సంగతి ఎలాగోలా చూసుకోవచ్చు, నాకు అసలు టెన్షన్ శబ్దంతోనే. కెమెరా మీది మైకు సముద్రం ఒడ్డున గాలి హోరు తప్ప ఇంకేమీ పట్టదు. పంతులుగారి కండువా లోపల కాలర్ మైకు, దానికి బొచ్చు తొడుగు, జేబులో విడిగా రికార్డర్ పెడతాం. పెళ్లికొడుకుకి ఇంకొకటి. గట్టిమేళం మోగినప్పుడు మిగతా మైకులన్నీ సన్నాయి, డోలుతో నిండిపోతాయి. మంత్రం వినపడేది ఆ కాలర్ మైకులోనే. ఇన్ని మైకులెందుకని కొందరు విసుక్కుంటారు. కన్యాదానం చేసేటప్పుడు పెళ్లికూతురి నాన్న గొంతు వణికితే, పదేళ్ల తర్వాత ఆ ఇంట్లో వాళ్లు వెతుక్కునేది దాన్నే. అలల శబ్దం విడిగా తర్వాతైనా రికార్డు చేసుకోవచ్చు. ఆ గొంతు మళ్లీ దొరకదు.

డ్రోన్ సంగతి కూడా చెప్తాను. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. విశాఖ విమానాశ్రయం, గోవాలో దబోలిం విమానాశ్రయం రెండూ నౌకాదళ స్థావరాల్లోనే ఉన్నాయి. అందుకే రిసార్టుకి అడ్వాన్స్ కట్టకముందే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడాలి. రెడ్ వస్తే నేను డ్రోన్ తీసుకురాను, ఎంత బతిమాలినా సరే.

మండపం వేసేవాళ్లకు ఆటుపోట్ల పట్టిక చూపించండి. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పౌర్ణమికి, అమావాస్యకి నీళ్లు ఇంకా పైకి వస్తాయి. ముందురోజు పొడిగా ఉన్న ఇసుకను నమ్మి హోమగుండం పెట్టకూడదు. నడవలేని తాతయ్యలు, అమ్మమ్మల కోసం మండపం దాకా చెక్క బాట వేయించండి. వాళ్లు దగ్గరికి రాలేకపోతే అక్షింతలు వేసే షాట్‌లో ఉండరు.

లొకేషన్ ఖాయం చేసేముందు ముహూర్తం, పంతులుగారి నంబరు పంపండి. దంపతుల్ని ఎటు కూర్చోబెడతారో ఆయన్నే అడిగి తెలుసుకుంటాను.