హైస్కూల్ గ్రౌండులో 200 మీటర్ల ట్రాక్: ముగ్గు పోసే ముందు

జిల్లా పరిషత్ హైస్కూల్ చరిత్ర తెలుసుకోవాలంటే ఆఫీసు బీరువా తాళం తియ్యక్కర్లేదు. గోడల్లో పొదిగిన రాళ్లు చదివితే చాలు: స్థలం ఎవరిచ్చారు, గదులు ఎవరు కట్టించారు, ఎప్పుడు. కోస్తా, సీమ జిల్లాల్లో పాత రాయి మీద ‘డిస్ట్రిక్ట్ బోర్డ్ హైస్కూల్’ అని కనిపిస్తే ఆ బడి పంచాయతీరాజ్ కంటే పాతది. 1959 చట్టంతో బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు వచ్చాయి, బళ్లూ వాటి చేతికి వెళ్లాయి. నిజాం ఇలాకాలో కథ వేరు. అక్కడ ఉర్దూ మీడియం వస్తానియా అంటే మిడిల్ స్కూలు, ఫౌఖానియా అంటే హైస్కూలు. ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ల నోట ఆ మాటలే వస్తాయి.

ఆ దాతలు ఇచ్చిన స్థలంలో ఇప్పుడు మిగిలిందే గ్రౌండు. ఒక మూల వంటషెడ్డు, ఒక మూల నీళ్ల ట్యాంకు, మధ్యలో అదనపు గదులు. 8 లేన్ల 400 మీటర్ల ట్రాక్‌కి సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి. అంత చోటు ఉన్న బడి అరుదు. కాబట్టి 200 మీటర్ల ట్రాకే గతి. దానికి 6 లేన్లతో 92.44 మీటర్ల పొడవు, 52.44 మీటర్ల వెడల్పు చాలు, అంటే ఎకరం పావు లోపే. చుట్టూ మీటరో రెండో ఖాళీ వదలాలి, గోడకి ఆనుకుని వంపు తిప్పితే మోచేతులు మిగలవు.

లెక్క ఇదీ. స్ట్రెయిట్ ఒక్కోటి 40 మీటర్లు, రెండూ కలిపి 80. మిగతా 120 రెండు వంపులకి. పరుగు వ్యాసార్థం 19.10 మీటర్లు. ముగ్గు గీత కాబట్టి మొదటి లేన్ దూరాన్ని గీతకి 20 సెంటీమీటర్ల అవతల కొలుస్తాం. అంటే గీత గీసే వ్యాసార్థం 18.90. ముందు 40 × 37.80 దీర్ఘచతురస్రం వెయ్యాలి. మూల మట్టం కోసం 6, 8, 10 మీటర్ల త్రిభుజం. తర్వాత కర్ణాలు రెండూ కొలవాలి, ఒక్కోటి 55.03 రావాలి. రెండింటికీ తేడా వస్తే ఆకారం ఒక పక్కకి ఒరిగినట్టే. అక్కడే ఆగి సరిచెయ్యాలి, ‘పర్లేదులే’ అని ముగ్గు పోస్తే సాయంత్రానికి వంపు స్ట్రెయిట్‌ని కలవదు.

వంపు గియ్యడానికి 37.80 పక్కల నడిమి బిందువుల్లో మేకులు దిగ్గొట్టి, బైండింగ్ వైరు కట్టి తిప్పాలి. నైలాన్ తాడు వద్దు, లాగితే సాగుతుంది. వ్యాసార్థంలో 10 సెంటీమీటర్లు పెరిగితే చుట్టు మొత్తంలో 63 సెంటీమీటర్లు పెరుగుతుంది. గుడ్డ టేపుదీ అదే జబ్బు, స్టీలు టేపు వాడాలి. గీత 5 సెంటీమీటర్లు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, కుడివైపు గీత అందులోనే కలిసి ఉంటుంది. గీతని విడిగా కలుపుతూ పోతే ఆరో లేన్‌కి చేరేసరికి జానెడుకి పైగా జరిగిపోతారు. ముగ్గు పిండి మేలు. గుల్ల సున్నం పొడి మాత్రం వాడొద్దు. అది చెమటకి తగిలితే కాలుతుంది, కంట్లో పడితే మరీ ప్రమాదం.

అసలు తగవంతా స్టాగర్ దగ్గరే. 200 మీటర్ల పరుగులో బయటి లేన్ల వాళ్లని ఎంత ముందు నిలబెట్టాలి? రెండో లేన్‌కి 7.67, మూడుకి 15.33, నాలుగుకి 23.00, అయిదుకి 30.66, ఆరుకి 38.33 మీటర్లు. చాలా పుస్తకాల్లో రెండో లేన్‌కి 7.04 అని ఉంటుంది. అది తప్పు కాదు, కానీ లోపలి అంచున ఎత్తుగా కట్టు ఉన్న ట్రాక్‌ది. అక్కడ మొదటి లేన్‌ని 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. ముగ్గు గీత ట్రాక్ మీద అదే వాడితే బయటి లేన్లలో ప్రతి పిల్లా మొదటి లేన్ కంటే 63 సెంటీమీటర్లు ఎక్కువ పరిగెత్తుతుంది. సెకన్‌లో పదో వంతుకి దగ్గర. జిల్లా మీట్‌కి వెళ్లే పేరు దీనికే మారిపోతుంది.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. స్టాగర్‌ని వంపు వెంబడి, ఆ లేన్ లోపలి గీతకి 20 సెంటీమీటర్ల అవతల కొలవాలి. టేపు తిన్నగా లాగేస్తే ఆరో లేన్‌లో 38.33 కాస్తా 43.5 దాటుతుంది. అంటే ఆ పిల్లాడికి 5 మీటర్లు ఉచితం. గెలిచాక ఎవరూ ఒప్పుకోరనుకోండి.

4 × 100 రిలే ఈ ట్రాక్ మీద రెండు చుట్లు. పూర్తిగా లేన్లలోనే పెడితే స్టాగర్ రెట్టింపవుతుంది, ఆరో లేన్ వాళ్లు 76.65 మీటర్లు ముందు. బ్యాటన్ మార్చే జోను ఇప్పుడు 30 మీటర్లు: గీతకి ముందు 20, తర్వాత 10. పాత 20 మీటర్ల లెక్క వాడే బళ్లు ఇంకా ఉన్నాయి. పై మీట్‌కి వెళ్లాక పిల్లలకి అడుగుల లెక్క తప్పుతుంది. 100 మీటర్లకి 40 మీటర్ల స్ట్రెయిట్ చాలదు కాబట్టి గ్రౌండు కర్ణం మీద పెడతారు. 100 × 60 గ్రౌండులో కర్ణం 116 దాటినా, మూలల కోత పోను 4 లేన్లకి 112 దాకానే మిగులుతుంది. గీత దాటాక ఆగడానికి గోడ ఎదురుగా ఉంటే అక్కడ పరుపులు నిలబెట్టాల్సిందే.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి బడి పోటీల్లోనే కోచ్ కంట్లో పడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో టీ20 విభాగం (మేధో వైకల్యం ఉన్నవాళ్లది) 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. బడి మీట్‌ని తమాషాగా నడిపేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగు.

కబడ్డీ కోర్టు పెద్ద మగపిల్లలకి 13 × 10, ఆడపిల్లలకి 12 × 8 మీటర్లు. మొరం నేల మీద నేరుగా ఆడిస్తే మోకాళ్లు చెక్కుకుపోతాయి. జల్లించిన మట్టిలో రంపపు పొట్టు కలిపి పరిచి, ముందురోజు సాయంత్రం తడపాలి. నల్లరేగడి అయితే తడి ఎక్కువైనా బురదే, తక్కువైనా పగుళ్లే.

అదే కోర్టు వార్షికోత్సవానికీ పనికొస్తుంది. 20 × 15 అడుగుల స్టేజీ మీద 16 మందితో కోలాటం పెడితే కోపులు తిరగలేక కర్రలు మొహాలకి తగులుతాయి. కింద కోర్టులో ఆడించి, స్టేజీని బుర్రకథకి, ఏకపాత్రాభినయానికి వదిలేస్తే హాయి. బుర్రకథకి ముగ్గురికీ మూడు మైకులు అడుగుతారు. వంతల మైకుల్ని నోటి ఎత్తులోనే ఉంచి, డక్కీల నుంచి పక్కకి తిప్పాలి. లేకపోతే డక్కీల మోత తప్ప కథ వినపడదు. స్పీకర్లు మైకుల కంటే ముందుండాలి, వెనకుంటే కూత మొదలవుతుంది. స్టేజీ పడమటి ముఖంగా కడితే సాయంత్రం ఎండంతా పిల్లల కళ్లలోకే.

ఆటల పోటీలు వార్షికోత్సవం తర్వాత ఉంటే షామియానా మేకుల సంగతి చూసుకోవాలి. అవి సరిగ్గా వంపుల మీదే దిగుతాయి. ఎన్ని దిగ్గొట్టారో ముందే లెక్క రాసుకుని, అన్నీ పీకి చూపించాకే డబ్బులివ్వాలి. గుంతల్లో తడిమట్టి కూరి దిమ్మిసతో కొట్టాకే ట్రాక్‌కి ముగ్గు.