వరద తర్వాత నా సైకిల్ తెర మీద 03

2024 సెప్టెంబరు 1, ఆదివారం. లేచేసరికి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. మధ్యాహ్నానికి నడుము దాటాయి. మాది విజయవాడ సింగ్‌నగర్, అద్దెకుండేది మొదటి అంతస్తులో. బుడమేరు మా పేటలోకి వచ్చేసిందని అర్థమయ్యేసరికి, మెట్ల కింద గొలుసు వేసిన నా ఎలక్ట్రిక్ సైకిల్‌కి హ్యాండిల్ ఒక్కటే పైకి కనిపిస్తోంది. బ్యాటరీ మాత్రం ఇంట్లో ఉంది. రోజూ రాత్రి దాన్ని పైకి తెచ్చుకుని చార్జింగ్ పెట్టడం నాకు అలవాటు. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ వైర్లలో కరెంటు లేకపోవడమే మోటారుని నడిపే కంట్రోలర్ పెట్టెని బతికించిందని ఇప్పటికీ నా నమ్మకం.

నీళ్ళు తీయడానికి ఆరు రోజులు పట్టింది. ఫైరింజన్లు వచ్చి ఇళ్ళల్లో బురద కడుగుతుంటే, నేను సైకిల్‌ని మేడ మీదికి మోసుకెళ్ళాను. మంచినీళ్ళతో మెల్లగా కడిగి, వారం రోజులు ఎండకు పెట్టాను. గవర్నర్‌పేటలో ఒక మందుల డీలరు దగ్గర లెక్కలు రాస్తాను. రోజూ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కి దిగాలి. మోకాళ్ళ నొప్పి వచ్చాక ఆ ఎక్కుడు నావల్ల కాక ఈ సైకిల్ కొన్నాను. 36 వోల్టుల బ్యాటరీ, వెనక చక్రంలో 250 వాట్ల మోటారు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ బాధ లేనిది. అది పోతే ఆ నెలలో ఇంకొకటి కొనే స్థితి నాకు లేదు, మా పేటలో చాలామందికీ లేదు.

వారం తర్వాత బ్యాటరీ పెట్టి బటన్ నొక్కాను. హ్యాండిల్ మీది చిన్న తెర వెలిగింది. పెడల్ తొక్కితే మోటారు ఒక్కసారి గుంజి ఆగిపోయింది. తెర మీద 03 వచ్చి ఆరుతూ వెలుగుతూ ఉంది.

కొన్న చోటికి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు తెర చూశాడు, చక్రం చూశాడు. "మోటారు పోయింది సార్. చక్రంతో సహా మార్చాలి. పదకొండు వేలవుతుంది" అన్నాడు. ఒక్క వైరు కూడా విప్పి చూడలేదు. వరద తర్వాత వాళ్ళ దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయి, ఆ తొందర నాకు అర్థమైంది. అయినా ఆ మాట మీద పదకొండు వేలు పెట్టడానికి మనసొప్పలేదు. ఇంటికి వచ్చేశాను.

తర్వాత నాలుగు రోజులు వృథా అయ్యాయి. ఫోన్‌లో దొరికిన కోడ్‌ల పట్టికలో 03కి ఎదురుగా బ్రేకు పట్టి ఉందని రాసి ఉంది. బ్రేకు పిడిలో చిన్న స్విచ్ ఉంటుంది, పిడి నొక్కగానే మోటారుకి కరెంటు ఆపేస్తుంది. రెండు పిడుల ప్లగ్గులూ పీకేశాను. 03 పోలేదు. మళ్ళీ పెట్టాను, శుభ్రం చేశాను, పిడులు విప్పాను. కదల్లేదు. ఐదో రోజు తెర వెనక తిప్పి చూస్తే దాన్ని చేసిన కంపెనీ వేరు. నేను చదివిన పట్టిక ఇంకో రకం తెరది.

ఈ సంగతి సైకిల్ ఉన్న ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. ఈ నంబర్లకు ఉమ్మడి నిఘంటువు లేదు. నా తెర కేటీ (KT) అనే కంపెనీ రకం. అందులో 01 అంటే థ్రాటిల్ (మోటారు వేగం పెంచే పిడి) సంగతి, 03 అంటే మోటారులోని హాల్ సెన్సర్ల సంగతి, 06 అంటే మోటారులోనో కంట్రోలర్‌లోనో షార్ట్. అదే హాల్ తప్పుకి బాఫాంగ్ కంపెనీ మోటార్లలో 08 వస్తుంది. అక్కడ 21 అంటే వేగం కొలిచే సెన్సర్, 30 అంటే తెరకీ కంట్రోలర్‌కీ మాట కలవకపోవడం. బాష్ కంపెనీ మోటారులో వేగం సెన్సర్‌ది 503. ముందు తెర వెనకో కంట్రోలర్ మీదో పేరు చూసుకుని, ఆ పేరున్న పట్టికే వెతకండి. సైకిల్ మీద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు దీనికి పనికిరాదు. లోపలి సామాను వేరేవాళ్ళది అయి ఉంటుంది.

పిడులు విప్పినప్పుడే ఇంకోటి తెలిసింది. నా సైకిల్‌లో బ్రేకు స్విచ్ ఇరుక్కుపోతే ఏ కోడూ రాదు. మోటారు ఊరికే మౌనంగా ఉంటుంది. కోడ్ లేదు కాబట్టి అంతా బాగుందని అనుకోకూడదు.

ఇక హాల్ సెన్సర్లు. మోటారులో అయస్కాంతాలు ఏ క్షణాన ఎక్కడున్నాయో కంట్రోలర్‌కి చెప్పేవి ఇవే. మూడుంటాయి, ఒక్కొక్కటీ ఔననో కాదనో చెబుతుంది. మోటారు తిరిగేటప్పుడు ఆ మూడు జవాబులూ ఆరు రకాలుగా మారుతూ ఉంటాయి. మూడూ ఒకేసారి ఔననడం గానీ, మూడూ ఒకేసారి కాదనడం గానీ బాగున్న మోటారులో జరగదు. అలాంటిది కనిపించగానే కంట్రోలర్ కరెంటు ఆపేసి 03 చూపిస్తుంది. అంటే 03 మోటారు పోయిందని చెప్పడం లేదు. మోటారు నుంచి తనకు నమ్మదగ్గ కబురు అందడం లేదంటోంది. ఆ కబురు సెన్సర్ దగ్గర ఆగి ఉండొచ్చు, వైరులో ఆగి ఉండొచ్చు, ప్లగ్గులో కావచ్చు, కంట్రోలర్‌లోనే కావచ్చు.

ముందు ప్లగ్గు చూశాను. వెనక ఇరుసు దగ్గర తొమ్మిది పిన్నుల గుండ్రటి ప్లగ్గు ఉంటుంది. దాని మీది బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టి నొక్కాలి, తిప్పకూడదు. తిప్పితే పిన్నులు వంగిపోతాయి. లాగి చూస్తే లోపల ఎండిన బురద, రెండు పిన్నులకు పచ్చటి చిలుము. కాంటాక్ట్ క్లీనర్ (పిన్నులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, ఆరబెట్టి పెట్టాను. 03 పోయింది. రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళి వచ్చాను. మూడో రోజు ఫ్లైఓవర్ మధ్యలో మళ్ళీ గుంజి ఆగింది. అక్కడి నుంచి నడిపించుకుంటూ వచ్చాను.

ఆ రాత్రి మల్టీమీటర్ తీశాను. కంట్రోలర్ పెట్టెలో సన్న వైర్ల తెల్ల ప్లగ్గు ఉంది. ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, ప్లగ్గు వెనక నుంచి గుండుసూది దూర్చి ఎరుపుకీ నలుపుకీ మధ్య కొలిస్తే దాదాపు 5 వోల్టులు వచ్చాయి. అంటే సెన్సర్లకు కంట్రోలర్ నుంచి కరెంటు అందుతోంది. ఆ సూది పక్క వైరుకి తగలకుండా చూసుకోవాలి. లావు వైర్ల జోలికి అసలు పోకూడదు, అక్కడ బ్యాటరీ కరెంటంతా ఉంటుంది.

తర్వాత నలుపుకీ పసుపుకీ మధ్య పెట్టి చక్రం తిప్పాను. మీటర్ కదల్లేదు. ఆకుపచ్చ కదల్లేదు, నీలం కదల్లేదు. మూడూ పోయాయనుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పుడు పక్కింటి పాలిటెక్నిక్ కుర్రాడు వచ్చి చూసి, "అంకుల్, ఇది పళ్ళ చక్రాల మోటారు. ముందుకి తిప్పితే చక్రం ఒట్టిగా తిరుగుతుంది, లోపల మోటారు తిరగదు. వెనక్కి తిప్పండి" అన్నాడు. వెనక్కి తిప్పితే చెయ్యికి బరువు తగిలింది, పెడళ్ళు కూడా వెనక్కి తిరిగాయి. మెల్లగా తిప్పుతుంటే పసుపు 0 నుంచి 5కి, 5 నుంచి 0కి దూకింది. ఆకుపచ్చ కూడా దూకింది. నీలం మాత్రం 5 దగ్గరే నిలబడిపోయింది.

ఎంత తిప్పినా నీలం కదల్లేదు. మోటారు ఎందుకు కాస్త గుంజి ఆగుతోందో అప్పుడు తెలిసింది. నీలం ఎప్పుడూ ఔననే అంటోంది. మిగతా రెండూ ఔనన్న చోటికి రాగానే మూడూ ఔననడం అవుతుంది, కంట్రోలర్ ఆగిపోతుంది. ఆ కుర్రాడే ఇంకో పరీక్ష చేయించాడు. బ్యాటరీ తీసేసి, మూడు లావు వైర్లనూ కంట్రోలర్ నుంచి విడదీసి, ఏ రెండు కలిపినా చక్రం వెనక్కి ఒకేలా బరువుగా తిరగాలన్నాడు. మూడు జతలూ ఒకేలా తిరిగాయి. అంటే వైండింగ్, మోటారులోని తీగ చుట్లు, బాగుంది. పదకొండు వేల చక్రంలో పాడైనది ఒక్క సెన్సర్, లేదా దాని వైరు.

టంకం పని నాకు రాదు. ఆటోనగర్‌లో నీళ్ళ మోటార్లు, ఫ్యాన్లు చుట్టే ఒక పెద్దాయన దగ్గరికి చక్రం తీసుకెళ్ళాను. ఆయన షాపు నిండా వరదలో మునిగిన మోటార్లే. "ఇలాంటిది ఎప్పుడూ విప్పలేదండీ" అన్నారు. "వైండింగ్ బాగుంది బాబాయ్, లోపలి మూడు సెన్సర్ బిళ్ళలు మారిస్తే చాలు" అని మీటర్ లెక్క రాసుకున్న కాయితం చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివారు. అప్పుడు కూర్చోమన్నారు.

మూత విప్పితే అరకప్పు తుప్పునీళ్ళు కారాయి. నైలాన్ పళ్ళ చక్రాల మీది గ్రీజు తెల్లగా పాలలా అయిపోయింది. స్టేటర్ (మోటారులో తిరగని భాగం) గాడుల్లో మూడు బుల్లి నల్ల బిళ్ళలు అంటించి ఉన్నాయి, ఒక్కొక్క దానికి మూడు కాళ్ళు. ఒకదాని కాలు తుప్పు తిని తెగిపోయింది. మూడూ మార్చమన్నాను. మిగతా రెండూ అదే నీళ్ళలో నానాయి, మళ్ళీ ఇదంతా విప్పడం ఎందుకు? కొత్తవి ఎస్ఎస్41 రకం, మూడూ కలిపి వంద లోపే. అక్షరాలున్న వైపు పాతదానికి ఎటుందో కొత్తదానికీ అటే ఉండాలి. తీసేముందు ఫోన్‌లో ఫోటో తీశాను, ఆయన దాన్ని పక్కన పెట్టుకుని టంకం వేశారు. బేరింగులు, కొత్త గ్రీజు, మూత అంచుకి సిలికాన్, అన్నిటికీ కలిపి తొమ్మిది వందలు తీసుకున్నారు. మోటారు వైరు ఇరుసులోకి దూరే ముందు కిందికి వేలాడేలా కట్టమని చెప్పింది కూడా ఆయనే. వాన నీరు వైరు వెంట జారి ఆ వంపు దగ్గర బొట్లుగా పడిపోతుంది, లోపలికి పోదు.

ఇంటికొచ్చి బిగించాను. 03 లేదు. మర్నాడు 01 వచ్చింది. ఈసారి భయపడలేదు. థ్రాటిల్ ప్లగ్గు తడి ఇంకా ఆరలేదు, ఒక పూట ఎండలో పెడితే అదీ పోయింది.

ఒక్క మాట చెప్పి తీరాలి. ఎదురింటివాళ్ళ ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీతో సహా మునిగింది. ఎండబెట్టి చార్జింగ్ పెడతామన్నారు. వద్దని చేతులు పట్టుకుని ఆపాను. మునిగిన లిథియం బ్యాటరీ పైకి ఆరినట్టు కనిపించినా లోపల షార్టయి తర్వాత ఎప్పుడో అంటుకోవచ్చు. దాన్ని ఇంట్లో ఉంచకూడదు, చార్జింగ్ అసలు పెట్టకూడదు. పైన నేను రాసినవేవీ దానికి వర్తించవు.

దసరా ముందు ఆటోనగర్ పెద్దాయన ఫోన్ చేశారు. "ఇంకో సైకిల్ వచ్చిందండీ, తెర మీద 03 అంటోంది. వెనక్కి తిప్పి చూశాను. పసుపు, నీలం దూకుతున్నాయి, ఆకుపచ్చ రావట్లేదు. ముందు ప్లగ్గు చూడనా, మూత విప్పనా?"

"ప్లగ్గు చూడు బాబాయ్" అన్నాను.